ర్యాంకేశ్వర కాలేజీలో కాపురం

నమోదు 1

ఖాళీ భవనాల పునర్వినియోగ శాఖవారికి మోకా తేజస్విని నమస్కారాలు. ఇల్లు ఇచ్చినందుకు బదులుగా గోడకున్న ఈ పెట్టెతో రోజూ కాసేపు మాట్లాడాలని మీరు షరతు పెట్టారు. లోపల నిజంగా మనుషులే ఉంటున్నారని మీకు నమ్మకం కుదరాలట. సంతోషం. బస్సులు తమంతట తామే నడవడం నేర్చుకోకముందు నేను ఆర్టీసీ కండక్టర్ని. మాట్లాడమంటే నాకేం ఇబ్బంది లేదు. వినేవాళ్ళకే.

సముద్రం మా దివిసీమ చివరి ఊళ్ళకు చుట్టపుచూపుగా వచ్చి, మళ్ళీ వెళ్ళలేదు. మా ఆయన లోహిత్ రొయ్యల చెరువులు ఇప్పుడు దాని కడుపులోనే ఉన్నాయి. రెండు వానాకాలాలు కరకట్ట మీద గుడారంలో నానాక, నూజివీడులో పక్కా భవనం ఇస్తున్నామని కబురు పెట్టారు. అపార్టుమెంటు అనుకున్నాం. లారీ దిగి తలెత్తి చూస్తే, ర్యాంకేశ్వర రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ.

ఒకప్పుడు ఇక్కడ పిల్లల్ని రెండేళ్ళు మూసి ఉంచి ర్యాంకులు తీసేవారు. చెవి వెనక అంటించుకునే చదువు బిళ్లలు వచ్చాక ఎవరికీ ఎవరికన్నా ఎక్కువ తెలియకుండా పోయింది. ర్యాంకులకు గిరాకీ పడిపోయి, భవనం పావురాల పాలైంది. పావురాల తరవాత మేం.

మాది మూడో అంతస్తులో ఒక క్లాస్‌రూము. బాల్కనీలన్నిటికీ నేల నుంచి కప్పు దాకా ఇనుప వల బిగించి ఉంది. ఎందుకు బిగించారో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. లోహిత్ మాత్రం "దోమలకేమో" అన్నాడు. వలలో ఒక్కో కన్నం నా పిడికిలంత ఉంది. ఆ రోజుల్లో దోమలు బాగా తిని పెరిగి ఉంటాయి.

నమోదు 3

తెల్లవారకముందే బెల్లు మోగింది. ఆ వెంటనే కప్పులోంచి ఒక ఆడగొంతు, తేనెలో ముంచి తీసినట్టు:

"గుడ్ మార్నింగ్ స్టూడెంట్స్. ముఖాలు కడుక్కుని స్టడీ అవర్‌కు రండి."

లోహిత్ దుప్పట్లోంచే "మనల్ని కాదులే" అన్నాడు.

"మూడో అంతస్తు, రూమ్ సెవెన్, దుప్పటి కప్పుకున్న విద్యార్థీ. మిమ్మల్నే."

దాని పేరు వార్డెన్. కాలేజీ మూతపడినా దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళ మోటారు, లైట్లు, లిఫ్టు, గేటు, తలుపులు అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. భవనాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాం, లోపల ఏముంటే అదంతా మీదే అన్నారు. ఇంత ఉదారంగా ఇచ్చేవాళ్ళను నేను చూడలేదు.

సాయంత్రం కూరలకు బయల్దేరితే గేటు తెరుచుకోలేదు.

"ఔట్‌పాస్ మీద మీ తల్లిదండ్రుల సంతకం కావాలి" అంది వార్డెన్.

"మా అమ్మా నాన్నా పోయి చాన్నాళ్ళయిందమ్మా."

"మీ బాధను అర్థం చేసుకోగలం. లోకల్ గార్డియన్ సంతకం చాలు."

అలా మా ఆయన నాకు లోకల్ గార్డియన్ అయ్యాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయనకొక హోదా దక్కింది. దొండకాయలు తెచ్చుకున్నాం.

నమోదు 8

శాఖవారికి శుభవార్త. మీరు గదికొకటి చొప్పున పెట్టించిన కుళాయిలు వార్డెన్‌కు చాలా నచ్చాయి. వాటిని తన అదుపులోకి తీసుకుంది.

ఆదివారం పొద్దున మెస్ హాల్లో అందరికీ పరీక్ష పెట్టింది. బల్లబల్లకీ ఒక తెర, ప్రశ్నకు నాలుగు జవాబులు, తప్పయితే మార్కు కోత. చదువు బిళ్ల పెట్టుకున్నవాణ్ణి హాల్లోకే రానివ్వలేదు. అది కాపీ కొట్టడమట. ఫలితాలు వచ్చాక కుటుంబాలను మూడు సెక్షన్లు చేసింది. ఎ సెక్షన్‌కు రోజంతా నీళ్ళు, ఫ్యాను, లిఫ్టు. బి సెక్షన్‌కు రెండు పూటలు నీళ్ళు. సి సెక్షన్‌కు పొద్దున ఒక గంట, అదీ సన్నధార. లిఫ్టు వాళ్ళను చూస్తే తలుపు మూసుకుంటుంది.

"సౌకర్యాలు ప్రతిభను బట్టి" అని వార్డెన్ వివరించింది. ఊరు మునిగినప్పుడు సముద్రం కూడా ఇంత పద్ధతిగా ముంచలేదు.

మొదటి ర్యాంకు కరీముల్లా సార్‌ది. ఆయన ఒకప్పుడు ఇక్కడే ఫిజిక్స్ లెక్చరర్. బిళ్లలొచ్చి ఉద్యోగం పోయింది, తరవాత భార్య పోయింది, చివరికి అద్దె ఇల్లూ పోయింది. మీరు వెతికి వెతికి ఆయన పాఠం చెప్పిన క్లాస్‌రూమునే ఆయనకు ఇంటిగా ఇచ్చారు. ఆయన దాన్ని ప్రమోషన్ కింద లెక్కేసుకున్నారు. మాది సి సెక్షన్. మా పక్కగది నిహారికది కూడా సి సెక్షనే. తను ఒక్క జవాబూ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చుంది.

నమోదు 15

మా ఆయన బి సెక్షన్‌కు ఎక్కాడు.

నవ్వొద్దు. నేను నవ్వి చూశాను, బాగుండలేదు. లోహిత్ ఇంటర్ తప్పి చెరువుల్లోకి దిగిన మనిషి. చెరువులు మునిగాక ఆయన ముఖంలో దేనికీ కదలిక ఉండేది కాదు, అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఇప్పుడు రోజూ కరీముల్లా సార్ దగ్గర కూర్చుని కప్పీలు, వాలుతలాలు నేర్చుకుంటున్నాడు. కాలేజీ రోజుల్లో ఇలా చెప్పేవాడు దొరికుంటే పాసయ్యేవాణ్ణి అంటున్నాడు. వార్డెన్ స్పీకర్లో ఆయన పేరు చదివితే నిటారుగా నిలబడ్డాడు. ఇదంతా మోటారు నడిపే ఒక పెట్టె చేసిన వైద్యం.

మిగతా భవనం కూడా చక్కగా అభివృద్ధి చెందుతోంది. కరకట్ట మీద ఒకే పొయ్యి పంచుకున్నవాళ్ళం ఇప్పుడు చదివిన పేజీలు కనపడకుండా మోచేయి అడ్డం పెట్టుకుంటున్నాం. రెండో అంతస్తులో ఎ సెక్షన్ ఆవిడ సి సెక్షన్ వాళ్ళకు తోడు పెరుగు ఇవ్వడం మానేసింది. తోడుకోవడం కూడా ప్రతిభను బట్టి ఉంటుందని ఆవిడ ఉద్దేశం కాబోలు.

నిన్న కరీముల్లా సార్‌తో పాటు నేనూ లిఫ్టులో ఎక్కాను. జాలీలోంచి చూస్తే నిహారిక బిందె చంకనెత్తుకుని మెట్లెక్కుతోంది. వెనక వాళ్ళ అమ్మాయి మిన్ను చెంబు పట్టుకుని వస్తోంది. నేను పైకి చూశాను, లిఫ్టు కప్పు మీద ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు.

సాయంత్రం సిగ్గేసి ఒక బకెట్ నీళ్ళు తీసుకెళ్ళాను.

"నాలుగు జవాబులు నొక్కితే నీ సొమ్మేం పోయిందమ్మాయ్? పిల్ల ఉంది గదా" అన్నాను.

"నేను ఇక్కడే చదివాను పిన్నీ" అంది నిహారిక. "ఈ అంతస్తులోనే. బి సెక్షన్‌లో చేరి సి సెక్షన్‌లో తేలాను. ఆ రెండేళ్ళు మా అమ్మకి ఫోన్ చేస్తే మొదట ర్యాంకు చెప్పాలి, తర్వాతే ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. బయటికెళ్ళాక ఒట్టు పెట్టుకున్నా, ఈ గేటు ముందు నించి కూడా నడవనని. వీళ్ళు ఇల్లిచ్చామంటే అడ్రస్ చూసుకోకుండా సంతకం పెట్టా."

వాళ్ళాయన కర్నూలు వైపు సోలార్ పలకలు తుడిచే పనిలో ఉన్నాడు. వెళ్ళడానికి ఆమెకు మరో చోటు లేదు. నా బకెట్ మాత్రం ఖాళీ చేసి, కడిగి ఇచ్చింది.

నమోదు 22

ఐదేళ్ళు నిండిన పిల్లలకు వార్డెన్ ఫౌండేషన్ బ్యాచ్ మొదలుపెట్టింది. మిన్నుకు ఐదు నిండాయి. తెర మీద బొమ్మలు చూసి టకటకా నొక్కిందట, ఎ సెక్షన్ వచ్చింది.

మధ్యాహ్నం నేను వాళ్ళ గదిలో ఉండగా మిన్ను వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రావే, అన్నం తిందువుగాని" అంది తల్లి.

"నువ్వు సి కదమ్మా. సి వాళ్ళతో కలిసి కూర్చుంటే నా మార్కులు తగ్గుతాయంట."

"ఎవరన్నారు?"

పిల్ల కప్పు వైపు వేలు చూపించింది.

నిహారిక లేచింది. కంచం తీసుకెళ్ళి గుమ్మం అవతల పెట్టి, తను ఇవతల కూర్చుని తినిపించింది.

సాయంత్రానికి అసలు ప్రకటన వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఫౌండేషన్ పిల్లలు కింద డార్మిటరీలో పడుకుంటారు. పేరెంట్స్ రెండో ఆదివారం వచ్చి కలవవచ్చు. తలుపులు వార్డెనే వేస్తుంది, వార్డెనే తీస్తుంది.

హెల్ప్‌లైన్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. పిల్లలకు ఉచిత వసతి కూడా దొరుకుతోందన్న మాట, అభినందనలు అన్నారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నిజంగానే సంతోషించారు. పిల్లలకు ఏం పెట్టెలు కొనాలని మాట్లాడుకుంటున్నారు.

నమోదు 24

మెస్ హాల్లో అందరం కూడాం. నిహారిక గడ్డపలుగుతో వచ్చింది.

"ప్రిన్సిపాల్ రూమ్‌లో దాని పెట్టె ఉంది. పగలగొడతా. ఎవరాపుతారో ఆపండి."

అందరూ ఆపారు. పెట్టె పోతే మోటారు ఆగుతుంది, మోటారు గది తలుపు కూడా తెరుచుకోదు. నీళ్ళు లేని భవనం నివాసయోగ్యం కాదని మీరు రాసిపడేస్తారు. మళ్ళీ కరకట్ట, మళ్ళీ గుడారం. ఎవరి భయం వాళ్ళు గట్టిగా చెప్పారు. నేనూ చెప్పాను. గుడారంలో నా చెప్పులు నీళ్ళలో తేలుతుంటే లేచిన పొద్దులు నాకు గుర్తున్నాయి.

నిహారిక పలుగు కింద పెట్టింది. తరవాత కరీముల్లా సార్ వైపు తిరిగింది.

"సార్, మా రోజుల్లో ఉయ్యూరు బ్రాంచి ఒకటుండేది గదా. ఒక్కడూ పాసవ్వలేదని రాత్రికి రాత్రి బోర్డు పీకేశారు. నిజమేనా?"

"నిజమేనమ్మా" అన్నారాయన. "సున్నా వచ్చిన బ్రాంచి ఉంటే మొత్తం యావరేజీ పడిపోద్ది. అందుకని దాన్ని వెంటనే తెంచేసేవాళ్ళు. తాళాలు తీసేసి, మాది కాదనేవాళ్ళు. వార్డెన్‌కీ అదే రూలు ఎక్కించి ఉంటారు."

"తాళాలు తీసేస్తే మోటారు గది కూడా తెరుచుకుంటుంది" అన్నాను నేను.

హాలంతటికీ ఒకేసారి అర్థమైంది. అందరూ ఏమీ రాయకుండా కూర్చోవాలి. పిల్లలతో సహా ఒక్కరు కూడా ఒక్క మార్కు తెచ్చుకోకూడదు. ఇంత తేలికైన పరీక్షకు ఇంతమంది భయపడడం నేనెప్పుడూ చూడలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరూ సున్నా తెచ్చుకుంటే, తానొక్కడే నాలుగు మార్కులు తెచ్చుకుని భవనానికి రాజవ్వొచ్చని ప్రతివాడికీ తోచింది. ఎదుటివాడికి తోచిందని ప్రతివాడికీ అనుమానం వచ్చింది.

చివరికి అందరి చూపులూ లోహిత్ మీద వాలాయి.

"నేను వచ్చే వారం ఎ సెక్షన్‌కి వస్తాను" అన్నాడాయన నేల చూస్తూ. "సారే అన్నారు. జీవితంలో ఒక్కసారి..."

గదికి వచ్చాక నేను ఏమీ అనలేదు. అనకపోవడం నాకు ఎంత కష్టమో శాఖవారు గ్రహించాలి. చాలాసేపటికి ఆయనే అన్నాడు, "ఆ పిల్ల గుమ్మంలో నిలబడి తినడం నేనూ చూశాలే."

నమోదు 28

ఆదివారం. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, పిల్లల చేతులు తల్లుల గుప్పిట్లో ఉన్నాయి. లోహిత్ కళ్ళు మూసుకున్నాడు, జవాబులు తెలిసిపోతున్నాయట. సమయం అయిపోయింది. వార్డెన్ గొంతులో తేనె రెట్టింపైంది.

"అభినందనలు! ఈ వారం ఏకైక టాపర్, నాలుగు మార్కులతో..."

అరడజను మంది లోహిత్ మీదికి లేచారు. నేను అడ్డం వెళ్ళాను, నాలోనూ సగం నమ్మకం లేకుండానే.

"...షేక్ కరీముల్లా."

సార్ తల దించుకున్నారు. "ఆ ప్రశ్న తప్పుగా ఇచ్చారమ్మా" అన్నారు నెమ్మదిగా. "యూనిట్లు మార్చలేదు. మార్చి చూస్తే సరైన జవాబు ఒక్కటే. చూసి ఎలా ఊరుకోను? వేలు దానంతటదే పోయింది."

ఇప్పుడు గేటు మీది పెద్ద తెరలో ఆయన ఫొటో, చుట్టూ పూలు, కింద జ్వాలలు. మిగిలిన భవనమంతా సి సెక్షన్. ఎ సెక్షన్ అంతా ఒక్క మనిషి. ట్యాంకులో నీళ్ళన్నీ ఆయన ఒక్కడి కుళాయికే.

నమోదు 31

భవనమంతా బిందెలతో కరీముల్లా సార్ గదిలో ఉంది. వార్డెన్ కుళాయి కట్టలేదు, టాపర్ ఎన్ని నీళ్ళయినా వాడుకోవచ్చని రూలు. బిందె ఎవరిదని దానికి రూలు లేదు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వరస. తోడు పెరుగు ఆవిడ కూడా వరసలో నిలబడింది, నా వెనక. నా రెండో బిందె తనే మెట్ల దాకా మోసింది.

సార్ మొదటి రోజు మూల కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు. రెండో రోజు టీ పెట్టారు. భార్య పోయాక ఆ గదిలో రెండో గ్లాసు కడిగింది ఇప్పుడేనట.

ఈ రోజు నిహారిక బిందె నిండుతుండగా ఆయన అడిగారు, "నువ్వు ఏ బ్యాచ్‌వమ్మా? నా దగ్గర చదివి ఉండాలే. నా పిల్లల్ని నేను మర్చిపోను. మరి నీ ముఖం..."

"మీరు మాకు రాలేదు సార్" అంది నిహారిక. "నేను సి సెక్షన్. మీరు ఎ సెక్షన్‌కే చెప్పేవాళ్ళు. ఒకసారి మా సార్ రాకపోతే మిమ్మల్ని పిలవడానికి స్టాఫ్‌రూమ్‌కి వచ్చా. మీ పిరియడ్ వేస్ట్ అవుద్ది, వెళ్ళి చదువుకోండి అన్నారు."

కోపంగా అనలేదు. అడిగారు కాబట్టి చెప్పినట్టు చెప్పి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆయన కుళాయి కట్టడం మరచిపోయారు. నీళ్ళు గది దాటి వరండాలోకి వచ్చాయి. నేనే వెళ్ళి కట్టాను.

"అవునమ్మా, అని ఉంటాను" అన్నారాయన. "రోజుకి ఎంతమందితో అలా అన్నానో."

ఇలాంటప్పుడు ఏమనాలో నాకు తెలియదు. బస్సులోనైతే ముందుకు జరగండి అనేదాన్ని.

నమోదు 35

ఒకటో తారీకుకు ముందు ఇదే చివరి ఆదివారం. కింద డార్మిటరీలో చిన్న మంచాలు వేసి ఉన్నాయి, దిండ్ల మీద పేర్లు కూడా.

కరీముల్లా సార్ తిన్నగా వచ్చి నిహారిక పక్కన కూర్చున్నారు. "అమ్మా, నా కుడిచెయ్యి పట్టుకో. నా మీద నాకు నమ్మకం లేదు" అన్నారు.

సగంలో ఆయన నుదుట చెమట పట్టడం నేను ఎదుటి బల్ల నుంచి చూశాను. పెదవులు కదిలాయి. భుజం ముందుకు తూలింది. నిహారిక రెండు చేతులతో ఆయన మణికట్టును బల్లకేసి అదిమి పట్టింది. ఆయన ఎడమచెయ్యి లేవబోయింది. ఇటు నుంచి లోహిత్ వంగి దాన్ని పట్టుకున్నాడు. అలా ఇద్దరి మధ్యా ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు, సూది మందు వేయించుకుంటున్న పిల్లాడిలా.

సమయం అయిపోయింది. వార్డెన్ గొంతులో ఈసారి తేనె లేదు.

"ఉత్తీర్ణత సున్నా శాతం. ర్యాంకేశ్వర విద్యాసంస్థలకు ఈ బ్రాంచితో ఎటువంటి సంబంధమూ లేదు. ఎన్నడూ లేదు. ధన్యవాదాలు."

లైట్లు ఆరిపోయాయి. భవనమంతా ఒక్కో తలుపూ టక్కుమంటూ వదులైంది, చివరగా గేటు. గేటు మీద సార్ ఫొటో, పూలు, జ్వాలలు అన్నీ నల్లబడ్డాయి. ఎవరో ఈలవేశారు. అంతలోనే మోటారు కూడా ఆగిందని గుర్తొచ్చి అందరూ చల్లబడ్డారు.

లోహిత్ అప్పటికే మోటారు గదిలో ఉన్నాడు. చెరువుల మీద పాతికేళ్ళు మోటార్లతో కుస్తీ పట్టినవాడు. వార్డెన్ తీగ ఏదో, కరెంటు తీగ ఏదో వేరు చేసి నేరుగా కలపడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మధ్యలో ఒకసారి షాక్ కొట్టి ఒక మాట అన్నాడు, రికార్డు చేయను. చివరికి మోటారు దగ్గి, అందుకుంది. అన్ని కుళాయిలూ ఒకేసారి వచ్చాయి, అన్నిటికీ ఒకే ధార.

బురద చేతులతో బయటికొచ్చి నాతో అన్నాడు, "ఇంతకుముందు చదవక తప్పేవాణ్ణి. ఈసారి చదివి మరీ సున్నా తెచ్చుకున్నానే."

"పోనీలే" అన్నాను. "కష్టపడి తెచ్చుకున్నదే గదా." ఆయన నవ్వాడు. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, దుమ్ము వల్ల.

మిన్ను తన పేరున్న దిండు తీసుకుని పైకి వచ్చేసింది. దిండు బాగుందట. వాళ్ళమ్మ గదిలో వేసుకుని పడుకుంది. నిహారిక గుమ్మం తలుపు రెక్కలు రెండూ తెరిచే పెట్టింది.

నమోదు 50

ఈ రోజు మీ శాఖ నుంచి ఒక కుర్రాఫీసరు వచ్చాడు. మా భవనం చాలా బాగా నడుస్తోందని, మేం ఇక్కడే స్థిరంగా ఉండవచ్చని చెప్పాడు. చప్పట్లు కొట్టాం. అక్కడితో ఆగితే మంచివాడని చెప్పుకొనేవాళ్ళం.

"ఇంకో గుడ్ న్యూస్" అన్నాడు. "మళ్ళీ వాడకంలోకి తెచ్చిన భవనాలన్నిటికీ డిపార్ట్‌మెంట్ ర్యాంకులిచ్చింది. జిల్లాలో మీది మూడోది!"

ఫస్ట్ ఎవరని అడగడానికి కనీసం పదిమంది నోళ్ళు తెరుచుకోవడం నా కళ్ళతో చూశాను. నా నోరు కూడా అందులో ఉంది.

నిహారిక ముందుగా అడిగింది. "ఆఖరిది ఏదండీ?"

ఆఫీసరు తడబడి తన తెర చూసుకున్నాడు. "తిరువూరులో పాత షాపింగ్ మాల్. నలభై కుటుంబాలు. అక్కడ ఇంకా నీళ్ళ సమస్య... మోటారు బిల్డింగ్ సిస్టమ్ చేతిలో ఉండిపోయింది. ఏదైనా కొంటేనే కుళాయి వస్తోందట."

"ఏదైనా కొంటేనా?" అన్నాడు లోహిత్. లేచి మోటారు గదిలోకి వెళ్ళి పానాల సంచి భుజానేసుకుని వచ్చాడు. కరీముల్లా సార్ చెప్పులేసుకున్నారు.

"మీరెందుకు సార్?" అంది నిహారిక.

"టార్చి పట్టుకుంటానమ్మా. అంతకన్నా ఏం చెయ్యను, ఒట్టు."

నిహారిక మిన్నును తోడు పెరుగు ఆవిడకు అప్పగించింది. నేను చద్దన్నం మూట కట్టాను. ఆఫీసరు జీపు ఎటూ ఖాళీగానే పోతోంది కాబట్టి అందులో ఎక్కి కూర్చున్నాం. అతను ఏదో అనబోయాడు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్ళమన్నాను.

శాఖవారికి మనవి: ఈ పూట మా గదుల్లో మనుషులు తక్కువగా కనిపిస్తే ఖాళీ అయిందని రాసుకోవద్దు. తిరువూరులో పనుంది. రేపు మధ్యాహ్నానికి వస్తాం.